నన్ను ఆగ్నేయంలో బిగించారు

నేను ఒక రిలేని. అగ్గిపెట్టె అంత నల్లటి డబ్బాని, కింద నాలుగు ఇత్తడి కాళ్ళు. మీ కారు బానెట్ కింద నాలాంటివాళ్ళు అరడజను మంది పడి ఉంటారు, మీరు ఏనాడూ చూసి ఉండరు. చూడకపోవడమే మాకు మేలు. మా మీద శ్రద్ధ పెట్టిన యజమానిని జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆ శ్రద్ధకే నేను సగం కాలిపోయాను.

నా ఉద్యోగం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. లోపల స్విచ్చి వేస్తే సన్నటి తీగలోంచి చిటికెడు కరెంటు వచ్చి నన్ను తడుతుంది. నేను టక్కుమని తలుపు తీస్తాను. ఆ తలుపులోంచి బ్యాటరీ నుంచి బండెడు కరెంటు ఫ్యానుకి పోతుంది. గేటు దగ్గర కావలివాడి పని, అంతే. ఎంత కరెంటుని వదలగలనో నా వీపు మీద అచ్చేసే ఉంది, ముప్పై ఆంపియర్లని. ఫ్యాక్టరీలో నా కడుపులో రాగితీగ చుట్టిన ఆవిడ గాక నేను కాలిపోయేనాటికి ఆ అక్షరాలు చదివినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు చీరాలలో కార్ల కరెంటు పనిచేసే ఖాజావలి, రెండోవారు మా యజమాని కూతురు హైమ. వాళ్ళిద్దరి మాటా ఎవరూ వినలేదు.

మా యజమాని బుచ్చిలింగానికి చీరాలలో జాకెట్ గుడ్డల కొట్టు ఉంది. పాతికేళ్ళ నాటి పెట్రోలు కారు కూడా ఉంది. ఒకరోజు బైపాస్ మీద ఆయన తోడల్లుడు కొత్త కారులో హారన్ కొట్టుకుంటూ ఈయన్ని దాటిపోయాడు. పోయినవాడు ఊరుకోకుండా చెయ్యి కూడా ఊపాడు. ఆ చెయ్యే నా కొంప ముంచింది. మర్నాడే మా కారు షెడ్డు ఎక్కింది. పెద్ద కార్బురేటరు పెట్టించాడు, ఇంజను సిలిండర్లు తొలిపించాడు, పొగగొట్టం మార్పించాడు. బండికి ఊపు వచ్చిన మాట నిజమే, ఊపుతో పాటు వేడి కూడా వచ్చింది. అంత వేడిని చల్లార్చడానికి ఓ పెద్ద బండి తాలూకు కరెంటు ఫ్యాను తెచ్చి రేడియేటరుకి బిగించారు. దానికి కావలివాడిగా నన్ను పిలిపించారు.

ఖాజావలి నన్ను అరచేతిలో పెట్టుకుని బానెట్ కింద ఓ చోటు చూపించాడు. "లింగంగారూ, ఇదిగో, బ్యాటరీ పక్కన ఇక్కడ పెడతా. వేడి తగలదు, వాన నీళ్ళు పడవు, తీగ కూడా మూరెడుతో సరి. ఫ్యాను బాగా లాగుద్ది కాబట్టి తీగ ఇంత లావుది వెయ్యాలి" అని చిటికెన వేలు చూపించాడు.

బుచ్చిలింగం తల ఊపాడు. ఊపి, వాస్తు సీతాపతి గారిని పిలుచుకొచ్చాడు.

అవును, కారుకే. నవ్వకండి, మీ ఇంట్లో గ్యాసు పొయ్యి ఏ మూల ఉందో ఒకసారి చూసుకుని ఆ తర్వాత నవ్వండి. సీతాపతి గారు కారుని తూర్పుముఖంగా నిలబెట్టించారు. కళ్ళు మూసుకుని, తెరిచి, "ఇది అగ్నితో పని కదా నాయనా. కుడివైపు ముందు మూల ఆగ్నేయం. అక్కడే ఉండాలి" అన్నారు. కుడివైపు ముందు మూల అంటే సరిగ్గా పొగగొట్టం మొదలయ్యే చోటు. నీళ్ళు చిలికితే చుయ్యిమంటాయి అక్కడ. ఆయన అంతటితో ఆగలేదు, ఎడమ మూల ఈశాన్యం కాబట్టి అంత బరువు బ్యాటరీ అక్కడ ఉండకూడదన్నారు. ఖాజావలి పానా కింద పెట్టేసి, "బ్యాటరీని కదిపితే మాత్రం నేను ఇంటికి పోతా" అన్నాడు. కాబట్టి దాన్ని వదిలేశారు. నాకోసం అలిగేవాళ్ళు ఎవరూ లేరు.

హైమ అప్పుడే కోచింగ్ నుంచి వచ్చింది. సంచీ భుజాన వేసుకునే నిలబడి విన్నది.

"నాన్నా, కారు తిరిగితే మూలలు మారిపోవా? దక్షిణాన ఒంగోలు వైపు పోతే ఇదే మూల నైరుతి అవుద్ది కదా?"

సీతాపతి గారు చిరునవ్వు నవ్వారు. "నిలిపిన చోటే లెక్కమ్మా. నడిచేటప్పుడు లెక్క ఉండదు."

అబ్బ, ఏం శాస్త్రం! బండి వాకిట్లో నిలిపి ఉంటే నాకు పని ఏముందండీ, రోడ్డెక్కినప్పటి కోసమేగా నన్ను తెచ్చింది!

తర్వాత తీగ దగ్గర రెండో రామాయణం. ఆగ్నేయానికి ఎర్ర తీగే వాడాలట. నల్లది శనిది, పనికిరాదట. కొట్టులో లావు తీగ నల్లదే ఉంది, ఎర్రది సన్నరకమే ఉంది. "గురువారానికి లావు ఎర్రది వచ్చుద్ది, ఒక్క రోజు ఆగండి" అన్నాడు ఖాజావలి. ముహూర్తం బుధవారం అన్నాడు బుచ్చిలింగం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పైగా బ్యాటరీ ఆ మూల, నేను ఈ మూల అయ్యేసరికి మూరెడు తీగ కాస్తా రెండు బారలైంది. తీగ పొడుగయ్యేకొద్దీ లావు పెరగాలని హైమ పుస్తకం తెరిచి మరీ చూపించింది. "పుస్తకాలు పరీక్షకమ్మా, బండికి కాదు" అన్నాడు తండ్రి. సీరియల్ బల్బులకి వేసేలాంటి సన్న ఎర్రతీగతో నన్ను ఆ పెద్ద ఫ్యానుకి కట్టేశారు. కుంకుమ బొట్టు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు.

ఖాజావలి పోతూ పోతూ వాకిట్లో హైమని పిలిచాడు. చిటికెన వేలంత లావున్న నల్ల తీగ, రెండు చివర్లా క్లిప్పులున్నది, చుట్ట చుట్టి చేతిలో పెట్టాడు. "ఉంచుకో తల్లీ. మీ నాన్నకి చెప్పమాక. ఫ్యాను ఆగిపోతే ఎర్రతీగ పీకేసి, దీంతో బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యానుకి ఇచ్చెయ్." 

"అలాగే ఖాజా బాబాయ్" అని ఆ పిల్ల దాన్ని సంచీ అడుగున దాచింది.

హైమ గురించి ఇక్కడ ఓ ముక్క చెప్పాలి. కిందటేడు ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష నాటికి ఆ పిల్లకి పచ్చకామెర్లు. పరీక్ష పోయింది. ఏడాదంతా ఇంట్లో కూర్చుని, తోటివాళ్ళంతా కాలేజీలకి పోతుంటే కిటికీలోంచి చూస్తూ, మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి సెంటరు ఒంగోలులో పడింది. పదింటికి పరీక్ష. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తీయరని హాల్‌టికెట్ మీద పెద్దక్షరాలతో ఉంది. ఆ పిల్లకి ఇంకో ఏడాది కూర్చునే ఓపిక లేదని నాకే తెలుసు, కన్నతండ్రికి తెలియదంటే ఎలా నమ్మను?

ఈలోగా ఫ్యూజు రెండుసార్లు పోయింది. ప్రమాదం వస్తోందని చెప్పి చచ్చిపోవడమే దాని ధర్మం, పాపం రెండుసార్లూ చెప్పింది. మూడోసారి బుచ్చిలింగం దాని స్థానంలో రాగితీగ ముక్క చుట్టి, "ఇప్పుడు ఎలా పోద్దో చూస్తా" అన్నాడు. అది పోలేదు. దాని బదులు నేను పోయాను.

పరీక్ష శనివారం వచ్చింది. ఆరింటికే పోదామని హైమ బతిమాలింది. దుర్ముహూర్తం పోవాలని ఏడున్నర దాకా తండ్రి కారు కదలనివ్వలేదు. ఎనిమిదింటికి ఊళ్ళు దాటి వస్తుంటే దారిలో రైలు గేటు పడింది. ముందు రెండు లారీలు, వెనక ఓ బస్సు. ఎండ అప్పటికే చురచురమంటోంది. బండి నడిచేటప్పుడు ఎదురుగాలి ఇంజనుని కాస్త ఆదుకుంటుంది గానీ, నిలబడితే భారమంతా ఫ్యానుదే, అంటే నాదే. తలుపు తీశాను. సన్నతీగ అంత కరెంటు పట్టక వేడెక్కింది. పక్కన పొగగొట్టం సెగ. నా కాళ్ళు ఎర్రబడ్డాయి, ఒళ్ళు మెత్తబడింది. గూడ్సు బండి సగం పోయేసరికి నా తలుపు కాలి ఊడింది. ఫ్యాను ఆగింది. ఇంజను కుతకుతలాడి, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

బుచ్చిలింగం దిగి ఏం చేశాడనుకున్నారు? నిమ్మకాయ తీశాడు. "తోడల్లుడి దిష్టే ఇది, నాకు తెలుసు!" అంటూ కారు చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. పుండు ఒకచోట, మందు ఒకచోట. గేటు ఎత్తేశారు, వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి పక్కనుంచి పోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఈ మనుషుల్లో చూశాను. ఈ పిల్ల మాత్రం పని కోసం చేతులు కాల్చుకుంది. చున్నీతో బానెట్ ఎత్తింది. కాలిన వాసన పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఎర్రతీగ పీకింది. నేను గూట్లో కరిగి అంటుకుపోతే, ఇంకా రాజుకుంటానేమోనని రెండు వేళ్ళతో లాగింది. బొటనవేలి చర్మం నాకు అతుక్కుని వచ్చింది. "అమ్మా" అన్నది, అంతే, వదల్లేదు. సంచీ అడుగునుంచి నల్లతీగ తీసి బ్యాటరీకీ ఫ్యానుకీ తగిలించింది. ఫ్యాను గిర్రున తిరిగింది. నా కాలంలో ఎన్నడూ అంత జోరుగా తిరగలేదు, ఒప్పుకుంటున్నాను. ఇంజను చల్లబడేదాకా ఆగి, పరీక్షకి తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా రేడియేటర్లో పోసింది. అప్పటికి తొమ్మిది దాటింది.

బుచ్చిలింగం నల్లతీగ చూసి నోరు తెరిచాడు. కూతురి ముఖం చూసి మూసుకున్నాడు.

ఒంగోలులో సెంటరు ముందుకు వచ్చేసరికి పదికి అయిదు నిమిషాలు. గేటు ఎదురుగానే ఉంది, కావలివాడు గొలుసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బుచ్చిలింగం ఆపకుండా ముందుకు పోనిచ్చాడు!

"నాన్నా, ఆపు! గేటు ఇదే!"

"పడమర గేటమ్మా ఇది. ఇవాళ నీకు పడమర కలిసిరాదు, సీతాపతి గారు చెప్పారు. చుట్టూ తిరిగి తూర్పు గేటు దగ్గర దించుతా."

స్పీడు బ్రేకరు దగ్గర కారు నెమ్మదించగానే హైమ తలుపు తీసుకుని దిగేసింది. దిగుతూ, గుప్పిట్లో ఉన్న నన్ను తండ్రి ఒళ్ళోకి విసిరింది. "ఇదిగో నీ ఆగ్నేయం" అని పరుగెత్తింది.

వెనక బండ్లవాళ్ళు తిడుతుంటే ఆయనకి ఆగే వీల్లేకపోయింది. చుట్టూ తిరిగి తూర్పు వైపుకు వచ్చాం. అక్కడ గేటు లేదు. నిలువెత్తు గోడ ఉంది, దాని మీద పిడకలు కొట్టి ఉన్నాయి. పది కొట్టింది. గోడ అవతల గంట మోగింది. కూతురు లోపల ఉందో బయట ఉందో తెలియక ఆ మనిషి పిడకల ముందు నిలబడి నన్ను నలిపేశాడు. సగం కాలిన నా అంచుకి అంటుకున్న ఆ చర్మం ముక్క అప్పుడు చూశాడు.

హైమ లోపలే ఉంది. రెండు నిమిషాలుండగా గేటు దాటిందట. వేలిముద్ర మిషను దగ్గర కాలిన బొటనవేలు పడకపోతే రెండో చేతిది వేయించారట. సాయంత్రం ఖాజావలి, "తీగ లావు మీద ప్రశ్న ఏమన్నా పడిందా తల్లీ?" అని అడిగాడు. పడలేదట. సీటు మాత్రం వచ్చింది, అనుకున్న కాలేజీలోనే.

కొత్త రిలే బ్యాటరీ పక్కన ఉంది, లావు నల్లతీగతో. ఖాజావలి పెడుతుంటే హైమ పక్కన నిలబడి చూసింది. సీతాపతి గారు సంగతంతా విని, "శనివారం నల్లతీగ వేశారు, శని శాంతించాడు, చూశారా!" అన్నారు. ఆయన్ని ఓడించడం ఆ శనీశ్వరుడి వల్ల కూడా కాదు.

నన్ను ఎక్కడ పెట్టారో చెప్పలేదు కదూ. పారేస్తానని హైమ అంటే "ఉండనీ అమ్మా" అని బుచ్చిలింగం తన పూజ అలమరలో పెట్టాడు, దీపం పక్కన. మళ్ళీ సెగే నా రాత. రోజూ స్నానం చేసి వచ్చి నాకూ ఓ బొట్టు పెడతాడు. ఇంటికొచ్చినవాళ్ళంతా ఇదేదో మహిమ గల వస్తువనుకుని దండం పెట్టిపోతారు. ఛీ, నన్ను అడిగితే చెబుతా మహిమ ఎవరిదో.

హైమ కాలేజీకి వెళ్ళిన మర్నాడు మాత్రం ఒకటి జరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. బుచ్చిలింగం బొట్టు పెట్టబోయి ఆగాడు. నన్ను తిరగేసి, కళ్ళజోడు పెట్టుకుని, నా వీపు మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ముప్పై ఆంపియర్లు. మళ్ళీ చదివాడు.

"నీ తప్పేం లేదురా. పిల్ల చెయ్యి కాల్చింది నేనే" అన్నాడు.

ఆ మాట సీతాపతి గారి ముందు అనడు, తోడల్లుడి ముందు అసలే అనడు. కూతురి ముందైనా ఎప్పటికి అంటాడో నాకు తెలియదు. అందుకని నేనేమీ ఆయన్ని క్షమించలేదు. ఆవేళ పెట్టిన బొట్టుని మాత్రం మనసులో తిట్టకుండా పెట్టించుకున్నాను.