చివరిసారి తెరిచిన తేదీ

"నువ్వు బయటపడ్డావోయ్ ప్రభుదాసూ" అని హైదరాబాదు ఆఫీసు నుంచి తోటి ఉద్యోగి ఆజం ట్రంకాల్‌లో అనగానే ఈయన పోస్టాఫీసులోనే నవ్వేశారు. ఈయన దొంగిలించారని నింద పడ్డ పరీక్ష పేపరు ఫైలును ఎవరో చివరిసారి తెరిచింది మా పెళ్లి జరిగిన రోజున అని ఆఫీసు కంప్యూటరు చూపిస్తోందట. ఆ రోజు ఈయన తిరువూరు చర్చిలో నా పక్కనే ఉన్నారు. పోస్టాఫీసు నుంచి ఇంటికొస్తూ దారిలో నాకు సన్నజాజులు కొన్నారు.

సాయంత్రం ఆజం మళ్లీ పోస్టాఫీసుకు ఫోను చేసి ఈయన్ని పిలిపించాడు.

"లోపలేముందోనని ఫైలు తెరిచాను. పాత తేదీ పోయి ఇవాళ్టిది పడింది."

"పాతది చూశానని మన ఆఫీసరు సార్‌తో చెప్తావా?"

"చెబితే దొంగ నేనంటారు," అని పెట్టేశాడట.

నా పువ్వులింకా వాడలేదు.

"రేపు మొదటి బస్సుకెళ్లి ఆజం కాళ్లు పట్టుకుంటాను," అన్నారు.

"నేనూ వస్తానండి," అన్నాను.