‘నీ ఇష్టం’కి ఎన్ని మార్కులు

“నీ ఇష్టం” అన్నారు మావారు, సగం తిన్న కంచం పక్కకి జరిపేస్తూ.

ఆ కంచం తీసి సింకులో పెట్టాను. పెళ్లయిన కొత్తలో ఈ మాటకి మురిసిపోయేదాన్ని, ఎంత మంచివాడు, అన్నీ నాకే వదిలేస్తున్నాడని. సాయంత్రం కంప్యూటర్ క్లాసులో చేరతానంటే ఇలాగే నీ ఇష్టమన్నారు. చేరాను. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. పిలిస్తే పలకరు, వడ్డిస్తే తినరు. గోడతో కాపురం చేసినట్టుండేది. “వాడు నీ ఇష్టమన్నాడుగా, ఇంకేం కావాలమ్మా నీకు?” అనేవారు అత్తగారు. క్లాసు మానేశాక గానీ ఆయన నోరు విప్పలేదు.

ఇప్పుడు మా మందుల కంపెనీలో ట్రైనింగ్ సెక్షన్ బాధ్యత నాకిస్తామంటున్నారు. చేరనా అని అడిగితేనే ఇందాకటి ‘నీ ఇష్టం’. ఇంటికి కాస్త ఆలస్యంగా రావాల్సి ఉంటుంది, అంతే. ఈ రోజే జవాబు చెప్పాలి.

ఆఫీసులో లెక్కల మాస్టారు నాకోసమే చూస్తున్నాడు. అది మేం పెట్టుకున్న పేరు. ఉద్యోగులు సొంతంగా ఎంత నేర్చుకున్నారో, వాళ్ల చేతిలో ఎంత అధికారముందో కొలవమని కంపెనీ పిలిపించిన నిపుణుడతను. ఆ కొలిచే పద్ధతిని ఫజ్జీ లాజిక్ అంటాడు. “అవునా కాదా అంటే మనుషులు అందులో పట్టరు మేడమ్. ‘కాస్త’, ‘ఓ మాదిరి’, ‘బాగా’ అంటారు కదా, ఆ మసక మాటలకే సున్నాకీ ఒకటికీ మధ్య విలువ కడతాం.” ముందు నా మీదే పరీక్ష పెట్టాడు.

“ఎవరూ నేర్పకుండా మీరు నేర్చుకున్నదేమిటి?”

స్టాకు లెక్కలని చెప్పాను. నిజానికి గేటు గడియ పడే చప్పుడుని బట్టి మావారి కోపమెంతో చెప్పగలను. చెప్పులు విడిచే తీరుని బట్టి టీ ఇవ్వాలో, ఎదురుపడకూడదో తెలుస్తుంది. ఆ చదువులో నాకు నూటికి నూరు.

“మీ విషయంలో నిర్ణయాలు ఎవరివి?”

“నా ఇష్టమేనండీ” అన్నాను అలవాటుగా.

“అయితే ఒకటి. పూర్తి స్వేచ్ఛ” అంటూ కంప్యూటర్లో టకటకా కొట్టేశాడు. అన్నిటికన్నా మసక మాట ‘నీ ఇష్టం’ అని అతనికేం తెలుసు? సాయంత్రం ఫోన్ చేసి చెబుతానని మేనేజర్‌తో అని వచ్చేశాను.

ఇంట్లో పాప కూనిరాగం తీస్తూ బొమ్మలకి రంగులు వేసుకుంటోంది. గేటు గడియ పడింది. నేనింకా చెవి రిక్కించనేలేదు, దాని పాట ఆగిపోయింది. రంగు పెన్సిళ్లు గబగబా డబ్బాలో వేసేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, ఇవాళ నాన్నని ఏమీ అడక్కు” అంది గుసగుసగా.

ఎవరు నేర్పారు దీనికి? ఆయన నెలల తరబడి మాట్లాడనప్పుడు కూడా నాకింత భయం వేయలేదు.

ఆయన చెప్పులు విసురుగా విడిచి లోపలికొచ్చారు. “ఏం చెప్పావ్ మరి?”

ఫోన్ తీసి మేనేజర్ నంబరు నొక్కాను. “సార్, సెక్షన్ నేను తీసుకుంటున్నాను.”

ఆయన ఒక్క మాటా అనకుండా గదిలోకెళ్లి తలుపేసుకున్నారు. ఇక మొదలైందని నాకు తెలుసు.

పాప నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నాన్న మాట్లాడకపోతే?”

“మనిద్దరం మాట్లాడుకుందాం” అన్నాను, గొంతు తగ్గించకుండా.