అంబిక ముందున్నారు

మా అమ్మ అమరావతి జాకెట్లు కుడుతుంది. పొద్దున వంట పని అయిపోగానే మిషన్ ముందు కూర్చుంటే మళ్లీ లేచేది కరెంటు పోయినప్పుడే. పోయిన ఎండాకాలంలో కాళ్లు తిమ్మిర్లు పడుతున్నాయని చెప్తే, నాన్న టమోటాలు వేసుకుపోయే బండిలోనే ఆమెను మదనపల్లెకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. షుగర్ అన్నారు. మా అమ్మమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది. పోయే ముందు ఆమెకు కళ్లు కనబడలేదు. అమ్మ భయమంతా కళ్ల గురించే. కళ్లు పోతే సూదిలో దారం ఎక్కించేదెట్లా అని.

"మాత్రలతోనే తగ్గదమ్మా. రోజూ నడవాల," అన్నాడు డాక్టరు. దసరా లోపల తగ్గకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవన్నాడు.

పుంగనూరు దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు పని మీద ఎంత దూరమైనా నడుస్తారు. ఊరికే నడిచేవాళ్లు లేరు. మొదటి రోజు అమ్మ గడప దాటగానే ఎదురింటి ఎల్లమ్మవ్వ అడిగింది.

"యాడికే అమరావతీ, పొద్దన్నే?"

బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడిగితే మంచిది కాదని అమ్మ వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరింది. ఈసారి పాలాయన అడిగాడు. అమ్మ మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి కూడా అట్లే అయ్యేసరికి చెప్పులు మూలకు విసిరేసింది.

"నీళ్లు తాగి తాగి కడుపు నిండిపోయింది గానీ, నేను నడిచిందేముండాది?"

మా కాలేజీలో ఒకమ్మాయి ఫోన్లో నడక లెక్కపెట్టే యాప్ చూశాను. అదేమిటని ఆమెను అడగడానికి సిగ్గేసి, పేరు మాత్రం గుర్తుపెట్టుకుని వచ్చి అమ్మ ఫోన్లో వేశాను. అందులో మనవాళ్లను కూడా చేర్చుకోవచ్చు. ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ల పేరు పైన ఉంటుంది. తెలుగులో మాట్లాడుతుంది కూడా. సోమవారం పొద్దున అందరి లెక్కా చెరిపేసి మొదటినుంచి మొదలుపెడుతుంది. మునస్వామి చిన్నాయనతో కుప్పంలో ఉండే మా పిన్ని అంబికను చేర్చాను. ఆమెకూ షుగరే. అమ్మకు తోడబుట్టింది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రమే పిన్ని మాట రికార్డు చేసి పంపింది. "అక్కా, చేతిలో ఒక సంచి పట్టుకో. అంగడికి పోతాంది అనుకోని ఎవురూ అడగరు. నేనట్లే పోతాండా. ఈ కుప్పంలో అందరూ నేను రోజూ ఏం కొంటాండానో అని తల పగలగొట్టుకుంటాండారు."

మరుసటి రోజు అమ్మ సంచి పట్టుకుని పోయింది. ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి అక్కచెల్లెళ్లకు అదే ఆట. అమ్మ ఒక చుట్టు తిరిగి వచ్చి నన్ను అడిగేది.

"పాపా, అది యాడుండాదో సూడు."

"అంబిక ముందున్నారు" అని యాప్‌లో ఉన్నది ఉన్నట్టు చదివేదాన్ని.

"ఉన్నారంట, ఉన్నారు! దానికి మర్యాద గూడానా?" అని నవ్వి ఇంకో చుట్టు పోయేది. పిన్నిని మాత్రం దాటలేకపోయేది. దాటే రోజు రానే రాలేదు. అయినా వానలు మొదలయ్యేసరికి షుగర్ కొంచెం దిగింది. డాక్టరు బాగుందన్నాడు. ఇంటికి వస్తూనే అమ్మ పిన్నికి చెప్పింది. ఇద్దరూ ఫోన్లో చాలాసేపు నవ్వుకున్నారు.

వినాయక చవితి అయిన తర్వాత ఒక బుధవారం పిన్ని లెక్క ఉన్నట్టుండి పెరిగింది. అమ్మ నడిచినదానికి రెండింతలు. గురువారం అంతకన్నా ఎక్కువ. "అంబిక కొత్త రికార్డు! అభినందనలు తెలపండి" అని యాప్ బాణసంచా బొమ్మలు చూపించింది. నేను చప్పట్ల బొమ్మ నొక్కాను. అమ్మ ఫోన్ లాక్కుని మాట పంపింది.

"ఏమే అంబికా, కోలారుకు నడిసిపోతాండావా ఏంది? మునస్వామి నిన్ను కట్టె పట్టుకోని తరుముతాండాడా? కొంచెం నిలబడే, నన్నూ రానీ!"

పిన్ని బదులివ్వలేదు. "గర్వం ఎక్కువైంది దానికి," అని అమ్మ సాయంత్రం కూడా నడక మొదలుపెట్టింది. శుక్రవారం వానలో తడిసి వచ్చింది. కాళ్లు నొప్పులని మూలుగుతూనే, పిన్నికి కొంచెం దగ్గరికి వచ్చినందుకు పిల్లలాగా సంబరపడింది.

శనివారం తెల్లవారగానే మునస్వామి చిన్నాయన నాన్నకు ఫోన్ చేశాడు. నాన్న ఫోన్ పట్టుకునే అమ్మ వైపు చూశాడు. అమ్మ సంచి చేతిలో పట్టుకుని గడప దగ్గర ఉంది.

పిన్ని చనిపోయింది.

కుప్పం పోయాక తెలిసింది. మంగళవారం జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు. షుగర్ ఎక్కువగా ఉండి, జ్వరం లోపలికి దిగిపోయిందట. అక్కకు చెప్పొద్దని, చెప్తే ఆమెకూ షుగర్ ఎక్కుతుందని పిన్ని ఒట్టు పెట్టించుకుందట. ఆమె ఫోన్ చిన్నాయన చొక్కా జేబులో ఉండింది. రక్తానికి, మందులకు, పరీక్షల కాగితాలకు మెట్లెక్కుతూ, దిగుతూ, వీధులు తిరుగుతూ ఆ మూడు రోజులూ నడిచింది ఆయన.

"నువ్వు పంపింది విన్యా వదినా," అన్నాడు చిన్నాయన అమ్మతో. "మందులషాపు కాడ నిలబడి విన్యా. ఏం జెప్పాలో తెలీలా."

"దానికి వినిపించినావా?" అని అడిగింది అమ్మ.

"వినిపిస్తి. కండ్లు తెరవలా. విన్నాదో లేదో."

అమ్మ గోడకు తల కొట్టుకుంటుంటే నాన్న పట్టుకున్నాడు. చప్పట్ల బొమ్మ నొక్కిన నా వేలు ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

మూడో నాటి పాలు పోసే కార్యం సోమవారం పెట్టుకున్నారు. ఆ పొద్దున పిన్ని ఇల్లంతా బంధువులు. అమ్మ ఏడవడానికి కూడా కూర్చోకుండా బావి దగ్గరికీ వంటింటికీ తిరుగుతూ ఉంది. ఫోన్ ఆమె నడుముకు దోపిన చిన్న సంచిలో ఉంది. యాప్ సంగతి ఎవరికీ గుర్తులేదు. అందరూ పిన్ని పటం ముందు నిలబడి ఉండగా అది గట్టిగా మాట్లాడింది.

"అభినందనలు, అమరావతి గారూ! ఈ వారం మీరే ముందున్నారు."

చిన్నాయన తల దించుకున్నాడు. అమ్మ ఫోన్ తీసి దాన్నే చూస్తూ, మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఎవురికంటే?"

ఇంటికి వచ్చాక అమ్మ చెప్తే ఆ యాప్ తీసేశాను. అమ్మ నడక కూడా మానేసింది. "నడువు అమరావతీ, పిల్లకు నువ్వు గావాల గదా," అని నాన్న బతిమాలాడు. "ఇంగ నడక పేరెత్తితే సూడు," అని అమ్మ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. తిమ్మిర్లు మళ్లీ వచ్చాయి. మదనపల్లెకు పోయే తారీకు రెండుసార్లు దాటేసింది. ఒక సాయంత్రం సూది బెజ్జం దగ్గర దారం పట్టుకుని ఎంతసేపు ప్రయత్నించినా ఎక్కలేదు. చివరికి సూదీ దారమూ నా వైపు చాపింది.

దారం ఎక్కించి ఇచ్చాను. మరుసటి రోజు పొద్దున ఆమె చెప్పులు తెచ్చి మిషన్ పక్కన పెట్టాను.

"నేనూ వస్తాను. దామ్మా."

రోడ్డు మీద పదిమంది చూస్తుండగా నడవాలంటే నాకెంత సిగ్గో ఆమెకు తెలుసు. నా ముఖం వైపు చూసింది. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఊరు దాటేదాకా పక్కపక్కనే నడిచాం. రోడ్డెక్కగానే అమ్మ ఆగిపోయింది.

"నువ్వు ముందు పో," అంది.

"యాలమ్మా?"

"నేను ముందుండను."

నేను నడిచాను. పుంగనూరు బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీల్లోంచి ఎవరో చూశారు. నేను తల వంచుకోలేదు. వెనక అమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమెకు ఆయాసం వస్తున్నట్టుంది. పక్కకు వస్తుందేమోనని అడుగు తగ్గించాను. ఆమె కూడా తగ్గించింది. ఇంకా తగ్గించాను.

"నడువు పాపా," అంది అమ్మ వెనకనుంచే.

నడిచాను.