కంచం కానూన్

రాజురా ఊరు పుట్టిన చోటు నుంచి జానెడు కూడా కదల్లేదు. అయినా మూడేళ్ళలో మూడు జిల్లాలు తిరిగింది. మొన్నటిదాకా హైదరాబాదు రాష్ట్రం, ఆదిలాబాదు జిల్లా. ఒకనాడు పొద్దున్నే లేచి చూస్తే బొంబాయి రాష్ట్రం, నాందేడు జిల్లా. ఆ పేరుతో కాగితాలు అచ్చేసుకుని కట్టలు విప్పేలోపే మళ్ళీ చాందా జిల్లా. కూర్చున్న ఊరిని కూర్చున్నట్టే ఊరేగించిన ఘనత సర్కారుది. ఊళ్ళో జనం మాత్రం ఎప్పటిలాగే జొన్నరొట్టె కట్టుకుని చేన్లకు పోతూనే ఉన్నారు.

ఈ ఊరేగింపులో కాళ్ళు విరిగినవాడు ఒక్కడే. బడిపిల్లల బోర్డింగు వార్డెను రాయమల్లు.

రాయమల్లు నైజాం కాలంలో ఉర్దూ చదువుకున్నాడు. ఊరికే చదువుకోలేదు, బెత్తం దెబ్బలు తిని తిని చదువుకున్నాడు. ఆయన దస్తూరి చూసి ఒకసారి తహసీల్దారు "వాహ్!" అన్నాడు. ఆ ఒక్క "వాహ్" మీద పన్నెండేళ్ళు బతికాడు మహానుభావుడు. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఉర్దూ. మరాఠీ అంటారా, సంతలో వంకాయలు బేరమాడేంత వచ్చు. రాయడం మాత్రం సున్నా.

సర్కారుకు మరాఠీ కావాలి. పరీక్ష పాసు కానివాళ్ళకు పని ఉండదని తాఖీదు వచ్చింది. మొదటి ఏడు రాయమల్లుకు కామెర్లు వచ్చాయి. రెండో ఏడు అత్త పోయింది. మూడో ఏడు జిల్లాయే మారింది కాబట్టి పరీక్ష కాగితాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియలేదు, అందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. ఈసారి ఏ దారీ లేదు. కామెర్లు తగ్గిపోయాయి. అత్త రెండోసారి చచ్చే వీలు లేదు. జనవరి నెలాఖరున చాందాలో పరీక్ష, తప్పితే ఇంటికి పొమ్మని చివరి నోటీసు. నలభై రెండేళ్ళ వయసు, నలుగురు పిల్లలు, పిల్లల్ని అదిలించడం తప్ప వేరే పని రాదు. రాయమల్లుకు నిద్ర పట్టడం మానేసింది.

నేర్చుకోవాలంటే బడిలో మరాఠీ మాస్టర్లకు కొదవేం లేదు. నాగపూరు వైపు నుంచి కొత్తగా దిగారు. కానీ వాళ్ళంతా ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. వాళ్ళ ముందు పలక పట్టుకుంటే పరువేం కాను? అందుకని బాగా ఆలోచించి, ముప్పై ఏళ్ళు చిన్నవాడి దగ్గర చేరాడు.

వాడి పేరు ఇస్తారి. పదకొండేళ్ళు. కోర్పణా వైపు పల్లెలో అంజన్న అనే రైతు కొడుకు. మేనమామ ఇంట్లో ఉండి చాందా వైపు విసాపూర్ బడిలో నాలుగో తరగతి దాకా మరాఠీలోనే చదివాడు. ఆ జూన్‌లోనే బోర్డింగులో చేరాడు. బక్కపలచగా ఉంటాడు గానీ వాడి దస్తూరి ముత్యాలే.

అయితే గురువు దొరికాడు కదా, గొడవేముంది అంటారు. గొడవంతా కంచం దగ్గర వచ్చింది.

ఆ బోర్డింగులో ఒక కట్టుబాటు ఉంది. పెట్టిందీ రాయమల్లే, పన్నెండేళ్ళుగా కాపాడుతున్నదీ రాయమల్లే. కొత్తగా చేరిన ప్రతి పిల్లాడికీ పాతవాళ్ళలో ఒకడు లెక్కో అక్షరమో నేర్పుతాడు. నేర్చుకున్నవాడు, నేర్పినవాడి కంచం ఏడాది పాటు బూడిద పెట్టి తోమాలి. భోజనాలయ్యాక బావి దగ్గర, అందరూ చూస్తుండగా. కులం లేదు, వయసు లేదు, ఎవరి కొడుకన్నది లేదు. దీనికి పిల్లలు పెట్టుకున్న పేరు కంచం కానూన్.

ఒక ఏడు పటేలు కొడుకు బాపురావు, జీతగాని కొడుకు సమ్మన్న కంచం తోమనని మొరాయించాడు. రాయమల్లు వాణ్ణి బావిగట్టు మీద నిలబెట్టి నాలుగు తగిలించాడు. "అక్షరం చెప్పినోని కంచం కడిగితే చేతులరుగుతాయిరా? నీ తాత వచ్చినా కడగాల్సిందే. కానూన్ అంటే కానూన్!" అన్నాడు. పటేలే స్వయంగా వచ్చి అడిగినా వినలేదు. ఆ రోజు రాయమల్లు నిజంగానే గొప్పవాడు. అది మరిచిపోవద్దు.

ఇప్పుడు ఆ కానూన్ ప్రకారం రాయమల్లు సారు ఇస్తారి కంచం తోమాలి. ముప్పై మంది పిల్లల ముందు. ఆ ముప్పై మందిలో మీసాలు మొలుస్తున్న బాపురావు ముందు వరసలో ఉంటాడు. తాను తవ్విన గోతిలో తానే పడటం అంటే ఇదే. కానీ రాయమల్లు అంత తేలిగ్గా పడే మనిషి కాదు, ఉపాయం ఆలోచించాడు.

మర్నాడు బడి వదలగానే, వరండాలోంచి అందరికీ వినపడేలా కేక వేశాడు. "ఏయ్ ఇస్తారీ! నా రూంకు రా! ఇయ్యాల నీ సంగతి చూస్త!"

తలుపు మూసి గడియ పెట్టాడు. గది మూల జొన్నల బస్తా ఉంది. బెత్తంతో దాన్ని నాలుగు బాదాడు. బస్తా దుమ్ము లేచింది. వణుకుతున్న ఇస్తారిని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "గట్టిగ ఒర్లు బిడ్డా. తర్వాత నాకు జర మరాఠీ చెప్పు" అన్నాడు.

పిల్లాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కేకలు పెట్టి ఒర్లిన ఒర్లుడు ఇంతా అంతా కాదు! వంటింట్లో వంటమనిషి గౌరమ్మ చేతిలో పిండిముద్ద జారిపోయింది. "గంత గనం వద్దురా, చచ్చిపోయినవనుకుంటరు" అని రాయమల్లే ఆపాల్సి వచ్చింది.

అలా రెండు నెలలు. రోజూ సాయంత్రం కేక, బస్తాకు దెబ్బలు, ఏడుపు, ఆపైన గంటసేపు అక్షరాభ్యాసం. ఉర్దూ రాసిన చెయ్యి కదా, ఎప్పుడూ కుడి నుంచే బయల్దేరేది.

"సార్, మళ్ళ గటు నుంచే మొదలువెట్టిండ్రు."

"అలవాటురా."

"పానం నిమ్మళంగ పెట్టుండ్రి సార్. తొందరేం లేదు. పది సార్లు రాయుండ్రి, వస్తది."

రాయమల్లు జీవితంలో ఆయన్ని కొట్టకుండా చదువు చెప్పినవాడు ఇస్తారి ఒక్కడే. పది సార్లు తప్పు రాస్తే పదకొండోసారి కూడా అదే గొంతుతో చెప్పేవాడు. సారు కథల పుస్తకంలో ఒక పేజీ తడుముకోకుండా చదివిన నాడు, పిల్లాడు చప్పట్లు కొట్టబోయి, బయటికి వినపడుతుందని చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ క్షణం రాయమల్లుకు కళ్ళు చెమర్చాయి. వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు, వార్డెను కదా.

"గీ ముచ్చట ఎవ్వలకు చెప్పద్దు" అని ఒట్టు వేయించుకున్నాడు. పిల్లాడు చేతిలో చెయ్యేసి ఒట్టు వేశాడు.

ఇక బోర్డింగులో ఇస్తారి కీర్తి పెరిగిపోయింది. రోజూ దెబ్బలు తినేవాడు మామూలోడు కాదు. వాడు హెడ్మాస్టరు సైకిల్లో గాలి తీశాడని ఒకరు, బావిలో చెప్పు వేశాడని ఒకరు, ఎవరికి తోచిన నేరం వాళ్ళు కట్టబెట్టారు. మొదట్లో వాడికి అది తమాషాగానే ఉంది. తర్వాత తర్వాత పక్కన పడుకునేవాళ్ళు చాపలు దూరంగా జరుపుకోవడం మొదలుపెట్టారు. గౌరమ్మ ఒక్కతే పాపం అనుకుని, ఎవరూ చూడకుండా రోజూ ఒక బెల్లంముక్క వాడి జేబులో వేసేది. "గా బక్క పానాన్ని గట్లెట్ల కొట్టబుద్ధయితది" అని రాయమల్లును తిట్టుకునేది.

కీర్తి ఎక్కడ ఆగుతుంది! శనివారం సంతలో ఎవరో అంజన్న చెవిన వేశారు.

పరీక్షకు మూడు రోజులుందనగా అంజన్న ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని బోర్డింగు వాకిట్లో నిలబడ్డాడు. అప్పుడే బడి వదిలారు, పిల్లలంతా గుమిగూడారు. అంజన్న కోపంగా లేడు. సిగ్గుతో ఉన్నాడు, అది ఇంకా కష్టం.

"సార్, నేను అడుగుడు ఒక్కటే. మా పోరడు ఏం జేసిండు? అల్లరి చేస్తే కొట్టుండ్రి, నేనేమనను. దొంగతనం గిట్ల చేస్తే మాత్రం తోలుకపోత. సదువు రాకున్నా మానె, దొంగోడు కావద్దు."

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. "అల్లరే అంజన్నా..."

"అల్లరికి రెండు నెలలు రోజు దెబ్బలా సార్?"

ఎంత సూటి ప్రశ్న! ఒక్క మాట చాలు. "నీ కొడుకు నాకు గురువు అంజన్నా" అంటే తండ్రి ఛాతీ రెండు మూరలు పెరిగేది. ఆ తర్వాత బావి దగ్గరికి పోయి ఒక కంచం తోమితే అయిపోయేది. పావుగంట పని. రాయమల్లుకు అదంతా తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు ఎదురుగా బాపురావు కనపడ్డాడు. చేతులు కట్టుకుని, మీసం కింద నవ్వుకుంటున్నట్టు ఉన్నాడు. నిజానికి వాడికి ఏమీ తెలియదు, ఊరికే నిలబడ్డాడు. భయపడేవాడికి తాడు కూడా బుస కొడుతుంది.

"ఎట్ల చెప్పాలె అంజన్నా," అన్నాడు రాయమల్లు నేల చూస్తూ. "బోర్డింగుల కొన్ని సామాన్లు కనిపిస్తలేవు."

ఎవరు తీశారో చెప్పలేదు చూడండి. కనిపించడం లేదన్నాడంతే. పాత చీపురు ఒకటి, వంటింటి గరిటె ఒకటి నిజంగానే కనిపించడం లేదు. అబద్ధం ఆడలేదని తర్వాత తనకు తాను చెప్పుకోవడానికి ఆ మాత్రం జాగ్రత్త పడ్డాడు.

అంజన్న కొడుకు జేబులో చెయ్యి పెట్టాడు. బెల్లంముక్క వచ్చింది.

"గది నేనే ఇచ్చిన!" గౌరమ్మ పిండిచేతులతో వంటింట్లోంచి ఉరికొచ్చింది. "పిలగాడు అడగలే, నేనే ఏసిన. నా పిల్లల మీద ఒట్టు!"

"నువ్వు లోపలికి పో గౌరమ్మా," అన్నాడు రాయమల్లు.

జాలితో వెనకేసుకొస్తోందనే అనుకున్నారు అందరూ. అంజన్న కొడుకు చెంప మీద ఒక్కటి వేశాడు. రెండు నెలల నుంచి దెబ్బలు తింటున్నాడని పేరు పడిన పిల్లాడు, మొదటి దెబ్బ అప్పుడు తిన్నాడు. ఒర్లలేదు. ఏడవలేదు కూడా.

"చెప్పు! ఏం జేసినవ్?"

"ఏం చెయ్యలే బాపు."

"ఏం చెయ్యకుంటే సారు రోజు ఎందుకు కొడ్తడు?"

ఇస్తారి రాయమల్లు వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పదిసార్లు తప్పు రాసినా పదకొండోసారి రాస్తాడులే అని ఎదురుచూసే చూపు అది, రోజూ గదిలో చూసే చూపే. అలా కాసేపు చూశాడు. సారు తల అటు తిప్పుకున్నాడు. పిల్లాడు తల దించుకుని లోపలికి పోయి, తన మూట తనే కట్టుకుని వచ్చాడు.

"పోయొస్త సార్," అన్నాడు.

బండి సందులో తిరగడానికి చాలాసేపు పట్టింది. ఎడ్లు మొండికేశాయి. మనసు మార్చుకునేవాడికి కావలసినంత సమయం ఇచ్చాయి పాపం. రాయమల్లు గేటు దాకా నడిచాడు, నోరు తెరిచాడు, దగ్గాడు. బండి పోయింది. లోపలికి వచ్చి, వాకిట్లో గుంపుగా నిలబడవద్దని పిల్లల్ని కసిరాడు. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. సిగ్గు వేసింది. ఎంత సిగ్గు వేసినా బావి దాకా పోయేంత వేయలేదు.

మూడో రోజు బల్లార్షా పోయి రైలెక్కి చాందాలో దిగి పరీక్ష రాశాడు. తొందరపడలేదు. చెయ్యి ఒక్కసారి కూడా కుడి నుంచి బయల్దేరలేదు. పాసయ్యాడు, అదీ మంచి మార్కులతో. ఇంట్లో పాయసం వండారు.

మార్చిలో బోర్డింగుకు కొత్త మరాఠీ రిజిస్టర్లు వచ్చాయి. హెడ్మాస్టరు వాటిని రాయమల్లు బల్ల మీద పెట్టి, జనవరి నుంచి ఆగిపోయిన నమోదు ఒకటి ఉందని గుర్తు చేశాడు. ఇస్తారి పేరు కొట్టెయ్యాలి. పాసయ్యాక రాయమల్లు సొంతంగా రాయబోయే మొదటి సర్కారీ మాట అది.

కలం తీసుకున్నాడు. ఎడమ నుంచి మొదలుపెట్టి, నిమ్మళంగా పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. ఊరు రాశాడు. ఆఖరి గడిలో, ఎందుకు తీసేశారో రాయాలి. అక్కడ కలం ఆగింది. హెడ్మాస్టరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "నడత బాగాలేదు" అని రాయమల్లు మరాఠీలో రాశాడు. అక్షరాల తల మీది పైగీత వంకర పోకుండా లాగాడు.

హెడ్మాస్టరు పుస్తకం తనవైపు తిప్పుకుని చూశాడు. "అరె వా! అక్షరాలు మా మాస్టర్లకన్నా బాగున్నాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు వార్డెను గారూ?"

రాయమల్లు సిరా అద్దుడు కాగితం తీసి, ఆ పేరు మీద జాగ్రత్తగా ఒత్తాడు.

"ఎవ్వల దగ్గర లేదు సార్," అన్నాడు. "నా అంతట నేనే నేర్సుకున్న."