ఒకే చెట్టు కట్టెలు

ఆడది కళ్ళు తుడుచుకుంటూ "పొగ" అంటే నమ్మే మనిషి ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. పొయ్యి పుట్టిన నాటి నుంచీ ఆడవాళ్ళు వాడి వాడి అరగదీసిన అబద్ధం అది. అందుకే ఆ ఇంటి చిన్నకోడలు నిజంగా పొగవల్లే కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట అంటే ఒక్కరూ నమ్మలేదు. అది నిజమని తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడ నోరు విప్పలేదు.

ఆవిడే పెద్దకోడలు. తండ్రి ముప్పై ఏళ్ళు కట్టెల అడితిలో రంపం లాగినవాడు కావడంతో ఇంట్లో అందరూ ఆవిణ్ణి అడితమ్మ అనేవారు. అడుగులు నేర్చింది రంపపు పొట్టులోనే. కట్టె చివర బీటలు చూసి, చేత్తో బరువు చూసి, రెండు ముక్కలు ఒకదానితో ఒకటి తట్టి ఏది ఎండిందో ఏది పచ్చిదో చెప్పేసేది. ఎండుకట్టె ఖణేలుమంటుంది. పచ్చికట్టె దుప్పటి మీద గుద్దినట్టు దబ్బుమంటుంది. ఆ విద్య ఇంట్లో ఇంకెవరికీ లేదు. మొగుడు బస్సు కండక్టరు, ఆదివారం పూట గొడ్డలి పట్టి మొద్దులు చీల్చి పడేస్తాడే తప్ప పేర్చడం, ఎండబెట్టడం అతనికి పట్టవు. మరిది గడియారాలు బాగుచేసేవాడు, వేలికి పేడు గుచ్చుకుంటే పని పోతుందని కట్టెల జోలికే రాడు. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో పెరటి మెట్లు దిగి మూడేళ్ళయింది. కాబట్టి కట్టెల విషయంలో అడితమ్మ మాటే వేదం.

అన్నదమ్ములు వేరుకుంపటి పెట్టుకున్నది కొట్లాడుకుని కాదు. చిన్నకోడలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది, ఆమె వేళలు వేరు, కండక్టరు వేళలు వేరు. వెనక వసారాలో ఇంకో పొయ్యి వేసుకుంటే ఎవరి వేళకి వాళ్ళు వండుకోవచ్చనుకున్నారు. ఆఖరి ఉమ్మడి భోజనం నాడు చిన్నది నవ్వుతూ ఒక మాట అంది.

"ఇకనుంచి అక్కయ్య వస్తున్నట్టు మాకెలా తెలుస్తుందో ఏమో. ఇన్నాళ్ళూ ముందు పొగ వాసన వచ్చేది, వెనక అక్కయ్య వచ్చేది."

అందరూ నవ్వారు. కండక్టరు పొలమారేదాకా నవ్వాడు. అడితమ్మ కూడా నవ్వింది, నవ్వక చస్తుందా. చెయ్యి కడుక్కున్నాక పెరట్లోకి వెళ్ళి కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. పొగ వాసనే. పన్నెండేళ్ళుగా ఆ ఇంటికి వండిన వాసన.

పెరట్లో ఒక రెండు పంగల చెట్టు ఉండేది. ఒక పంగ కిందటేడు గాలివానకి విరిగి పడితే చీల్చి పేర్చారు, అది ఏడాదిగా ఎండి గలగలలాడుతోంది. రెండోది ఇంటి మీదికి ఒరుగుతోందని ఈ మధ్యే కొట్టించారు. బెరడు ఒకటే, రంగు ఒకటే, లావు ఒకటే. పంపకం అడితమ్మకే అప్పజెప్పారు. రేకుల పంచ కింద ఎడమ పక్క తన వరస, కుడి పక్క చిన్నదాని వరస. ముక్కల లెక్కలో ఒక్కటి కూడా తేడా రానివ్వలేదు. అయితే ఎండువన్నీ ఎడమకి పోయాయి, పచ్చివన్నీ కుడికి. పళ్ళబుట్టలో పైన మంచివి పెట్టినట్టు కుడి వరసకి పైనా ముందూ ఒక్క పొర ఎండువి పరిచింది.

వారం పదిరోజులు ఊదనీ అనుకుంది. ఆ నవ్వే మూతికి పొగ రుచేమిటో తెలియనీ. తర్వాత తనే వెళ్ళి, అయ్యో, ఇవి పచ్చివే తల్లీ, చూసుకోలేదు అని మార్చేస్తే సరి. చెడ్డపని చేసేవాళ్ళందరూ ముందుగా దానికో గడువు పెట్టుకుంటారు.

మొదటి వారం చిన్నదాని పొయ్యి చక్కగా మండింది. పైపొర అయిపోయాక మొదలైంది అసలు కథ. కట్టె చివర నురగ కక్కుతూ సుయ్యిమనేది, మంట రాజుకున్నట్టే రాజుకుని చచ్చేది. చిన్నది ఊదుగొట్టం పట్టుకుని నేలకి బుగ్గ ఆనించి ఊదేది. వసారా అంతా నల్లబడింది. ఆ మండే కళ్ళతోనే బల్ల ముందు కూర్చుని ప్రూఫులు దిద్దేది. ఒకరోజు ఓ కట్టె ముక్క పట్టుకుని పెద్దావిడ దగ్గరికే వచ్చింది.

"అక్కయ్యా, ఇవి తడిగా ఉన్నాయా? మీవి ఇలా లేవు."

అడితమ్మ ముక్క చేతిలోకి తీసుకుంది. పిండితే చెమ్మ వచ్చేలా ఉంది. అప్పుడు చెప్పేసి ఉంటే అంతటితో పోయేది. చెబుదామనే నోరు తెరిచింది. తీరా బయటికి వచ్చింది వేరే మాట.

"ఒకే చెట్టు కట్టెలమ్మాయ్. నీవీ నావీ అని వేరే ఉంటాయా? ఊదడం రావాలి."

అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. అదే ఆ మాటలోని పాపం.

నెల తిరిగేసరికి అత్తగారి కంట్లో పడింది. కోడలి కళ్ళు ఎప్పుడు చూసినా ఎర్రగా ఉంటున్నాయి. అడిగితే "పొగ అత్తయ్యా" అంటోంది. ఆ పొగ తన కాలంలో తనూ చాలా చూశానని ముసలావిడ మూతి విరిచింది. మొదటి వారం రాని పొగ ఇప్పుడెందుకు వచ్చింది? ఒకే చెట్టు కట్టెలని పెద్దదే చెప్పింది కదా, పెద్దదాని పొయ్యిలో లేని పొగ చిన్నదాని పొయ్యిలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లకేదో దిగులుంది, మొగుడితో పొసగడం లేదు, నిప్పు లేనిదే పొగ రాదు అని తేల్చేసింది. ఈ ముక్క కొడుకు చెవిన కూడా వేసింది, మంచి కోరే వేసింది.

గడియారాలవాడు మాటకారి కాడు. ఒకటి రెండుసార్లు పెళ్ళాన్ని అడిగాడు. పొగ అంది. మళ్ళీ అడిగాడు. పొగే అని కాస్త గట్టిగా అంది, కట్టెల వంక చూపించింది. అతను కట్టెలు చూసి ఏం చెబుతాడు? నన్ను కట్టుకుని ఏడుస్తోంది, ఆ సంగతి చెప్పడానికి కూడా నేను పనికిరాను అనుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేశాడు. మానేసినందుకు ఆమె అలిగింది. అలిగినందుకు అతను ముడుచుకున్నాడు. పొగ ముందొచ్చింది, నిప్పు నెమ్మదిగా తర్వాత రాజుకుంది.

ఇదంతా అడితమ్మ తన శుభ్రమైన వంటింట్లోంచి చూస్తూనే ఉంది. వారం పదిరోజుల గడువు నాలుగు నెలలైంది. పక్క వాటాలో దగ్గు వినిపిస్తే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. ఎవరి కాపురంలోనూ పుల్లలు పెట్టని మనిషినని ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగింది, ఇప్పుడు నిజం కట్టెలే పెట్టింది. తన పొయ్యి పొగ లేకుండా మండుతుంటే దానికేసి చూడలేకపోయేది. ఆ మంటే కదా చిన్నదాని మాట అబద్ధమని సాక్ష్యం చెబుతోంది.

ఒక మధ్యాహ్నం చిన్నది ప్రెస్సుకి వెళ్ళాక, గుట్టుగా కొన్నయినా మార్చేద్దామని ఎడమ వరసలోంచి ఎండుకట్టెలు రెండు చేతుల నిండా ఎత్తుకుంది. తలనొప్పని త్వరగా వచ్చేసిన చిన్నది ఎదురుగా నిలబడి ఉంది. అడితమ్మకి తేలు కుట్టిన దొంగ పరిస్థితి.

"మీ వంతులోవి నాకెందుకు అక్కయ్యా?" అంది చిన్నది. "లెక్కపెట్టి మరీ సమానంగా పంచారు. కట్టెలదేం తప్పు? నాకే పొయ్యి చేతకాదు."

అని ఆ కట్టెలు ఆవిడ చేతుల్లోంచి అందుకుని ఎడమ వరసలో, ఎక్కడివక్కడ, అంచులు కలిపి పేర్చేసింది. అడితమ్మ ఆ వీపు వంక చూస్తూ నిలబడింది. నన్ను తిట్టినా బాగుండేదే అనుకుంది. చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి అని లోపల ఎవరో గిల్లుతున్నారు. చిన్నది చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత ఆదివారం చిన్నదాని అన్న వచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టరు, కుర్చీలో కూడా అటెన్షన్‌లో కూర్చునే రకం. పిల్ల దిగులుగా ఉంది, ఒకసారి వచ్చి చూసిపొమ్మని అత్తగారే కబురు పెట్టింది. ముందు గదిలో అందరూ చేరారు. చెల్లెల్ని కొన్నాళ్ళు తీసుకెళతానన్నాడు మాస్టరు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని కండక్టరు అడిగితే, అది చూద్దాం అన్నాడు. ప్రెస్సు సంగతేమిటంటే, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, తప్పులు జారిపోతున్నాయి, శనివారమే మానేస్తున్నానని రాసిచ్చేశాను అంది చిన్నది, పెట్టె పక్కన నిలబడి. గడియారాలవాడు తల ఎత్తలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళని ఆపడానికి నేనెవణ్ణి అన్నాడు నేలకేసి చూస్తూ.

"నువ్వు చెప్పు అమ్మాయ్," అంది అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగి. "అవే కట్టెలు నువ్వూ మండిస్తున్నావు. నీకెప్పుడైనా అంత పొగ వచ్చిందా? ఇది ఉన్న మాట చెప్పకుండా పొగ, పొగ అంటోంది."

గదంతా అడితమ్మ వంక చూసింది. చిన్నది కూడా చూసింది. లేదు అంటే చాలు, పెట్టె బయటికి వెళ్ళిపోతుంది. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు ఆ ఇంట్లోనే ముసలిదైపోవచ్చు.

అడితమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. పారిపోయిందనుకున్నారు. ఎడమ వరసలోంచి రెండు, కుడి వరసలోంచి రెండు కట్టెలు పట్టుకుని వచ్చింది. గది మధ్యలో నిలబడి తనవి రెండూ తట్టింది. ఖణేలుమన్నాయి. చిన్నదానివి తట్టింది. దబ్బుమన్నాయి. జీవితమంతా టిక్కుకీ టక్కుకీ తేడా వింటూ బతికిన గడియారాలవాడు ఒక్కసారిగా తలెత్తాడు.

"ఇవి ఎండువి. ఇవి పచ్చివి," అంది. "పంచింది నేను. తెలిసే పంచాను."

కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు మూడు ముక్కల్లో అయిపోయింది. ఎందుకని కండక్టరు అడిగాడు. పొగ వాసనని నవ్వినందుకు అని చెబుతుంటే, ఆ కారణం ఎంత చిన్నదో ఆవిడకే వినపడి సిగ్గుతో చచ్చిపోయింది. ఇంత చిన్న పుల్లతోనా ఇంత ఇంటిని కాల్చాను అనుకుంది.

గడియారాలవాడు లేచి పెళ్ళాం దగ్గరికి వెళ్ళాడు. ఏం చెయ్యాలో తోచక పెట్టె పట్టుకున్నాడు.

"పొగే అన్నమాట," అన్నాడు.

చిన్నది అతని చేతిలోని పెట్టె వంక చూసింది.

"మొదట్లో పొగే," అంది. "తర్వాత తర్వాత ఏది పొగో ఏది ఏడుపో నాకూ తెలియలేదు."

పెట్టె ఆ రోజు కదల్లేదు. మాస్టరు ఒక్కడే వెళ్ళాడు, గుమ్మం దాటుతూ అడితమ్మకి నమస్కారం పెట్టకుండా. మర్నాడే గడియారాలవాడు భోజనానికి ఇంటికి వచ్చాడు. అడితమ్మ ఒక్కతే రెండు రోజులు కూర్చుని వరసలు మార్చింది. ఎండువన్నీ కుడికి, పచ్చివన్నీ తన పక్కకి. మరిది ఇదివరకు వదినా అనేవాడు, ఇప్పుడు వదినగారూ అంటున్నాడు. ఆ గారు ఒక్కటీ అడితమ్మకి తిట్ల దండకంలా వినపడేది. అత్తగారు మాట్లాడ్డం మానేసింది. కండక్టరు దగ్గుతూ తిని, దగ్గుతూ డ్యూటీకి పోతున్నాడు, మాట మాత్రం అనడు. చిన్నది అక్కయ్యా అనే పిలుస్తోంది, అవసరమున్నప్పుడు.

పదిరోజుల తర్వాత తెలిసింది, ప్రెస్సులో ఆ కుర్చీలో ఇంకెవరినో పెట్టుకున్నారని. చిన్నదాని కళ్ళలో ఎరుపు పోయింది, అక్షరాలు మళ్ళీ కనబడుతున్నాయి, దిద్దడానికే కాగితాలు లేవు. ఆ సంగతి ఆమె మొగుడితో మామూలుగా చెప్పడం గోడ ఇవతల అడితమ్మకి వినపడింది.

ఆ సాయంత్రం చిన్నది అగ్గిపెట్టె కోసం పెద్దావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అడితమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. అలికిడికి గబగబా కొంగుతో తుడుచుకుంది.

"ఏమైంది అక్కయ్యా?"

"ఏం లేదమ్మాయ్," అంది అడితమ్మ. "పొగ."

చిన్నది పొయ్యి వంక చూసింది. లోపల పచ్చికట్టెలు మూడు పేర్చి ఉన్నాయి. నిప్పు ఇంకా పెట్టలేదు. పొద్దుటి బూడిద చల్లారి తెల్లగా ఉంది.

చిన్నది వంగి గూట్లోంచి అగ్గిపెట్టె తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పచ్చికట్టెలు కదా అక్కయ్యా," అంది. "పొగే."