అందరూ మెచ్చిన జబ్బు

పొయ్యి బర్నరు రంధ్రాలను సూదితో ఒక్కొక్కటే పొడుస్తున్నాను. నిన్న చేసినవే. నిన్నా మసి లేదు, నేడూ లేదు. అయినా సూది దిగుతుంది, లేస్తుంది, దిగుతుంది, లేస్తుంది. చాలు అనుకుంటాను. ఆ మాట మనసు దాకా వస్తుంది గాని, చేతి దాకా రాదు.

గుమ్మంలో అత్తయ్య ఫోనులో మా ఆడపడుచుతో అంటోంది. "జబ్బొచ్చింది, ఇక మంచం పడుతుందనుకున్నామే. మంచం కింద కూడా తుడిచేస్తోంది!"

నవ్వు అటునుంచి కూడా వినిపించింది.

నలభై నిండకుండానే పార్కిన్సన్స్ వచ్చింది నాకు. ల్యాబులో రక్తం తీసేదాన్ని. పసిపిల్లల సన్నని నరాన్ని సైతం ఒక్క పోటుకే పట్టే చెయ్యి, ఒకనాడు సూది పట్టుకుని వణికింది. యజమాని మర్యాదగానే అన్నాడు, "ఇంట్లో రెస్ట్ తీసుకోండి మేడమ్" అని. ఇల్లు, రెస్టు: ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టగలిగేది మగవాడే. ఇంట్లో నత్తలా నడిచాను. గ్లాసులు జారాయి. "ఒక్క పనీ సరిగా చేతకాదా?" అన్నారు మా ఆయన. ఆ మాటకు మాత్రం వణుకు లేదు.

తరువాత ఈ మందు వచ్చింది. కాళ్లు కదిలాయి, వేళ్లు విచ్చుకున్నాయి. మందు రాసిన రోజునే డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది: దీనితో కొందరికి మనసుకు పగ్గం తెగుతుంది, జూదం, అదేపనిగా కొనడం, తినడం, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, ఏది కనిపించినా వెంటనే చెప్పండి, అని. ఇంటికి రాగానే ఆయన నా బ్యాంకు కార్డు తన బీరువాలో పెట్టుకున్నారు. పర్సుకు కాపలా పెట్టారు గాని, గిన్నెలు తోమే పీచుకు పెట్టలేదు.

కడిగిన గిన్నెలు దించి కడుగుతాను. మడిచిన బట్టలు విప్పి మడుస్తాను. నా పళ్లెంలో తిండి చల్లారిపోతుంది. ఎవరైనా ఆపితే ఒళ్లు మండుతుంది. వేళ్ల కొసన చర్మం లేచిపోయింది. ఇందులో ఒక తీపి ఉంది, అదే నా సిగ్గు. పుండును గోకేకొద్దీ ఊరే తీపి.

"ఆపలేకపోతున్నానండీ, ఇదీ జబ్బేనేమో" అన్నాను ఒకసారి.

"ఆడవాళ్లందరూ చేసేదేగా! కదలకుండా కూర్చున్నావు చూడు, అదీ జబ్బంటే."

ఆ సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను అడిగింది, ఎలా ఉన్నారని. జవాబు ఆయన ఇచ్చారు.

"బ్రహ్మాండమండీ! ఇల్లు అద్దంలా పెడుతోంది. ఇదే డోసు ఉంచేయండి."

"ఆపుకోలేని అలవాటేమైనా?"

"అబ్బే, లేవండీ. పైసా ఖర్చు చెయ్యదు."

చెబితే మందు తగ్గుతుంది. తగ్గితే మళ్లీ బిగుసుకుపోతాను, ఆ ఇంట్లో పనికిరాని వస్తువునవుతాను. ఇన్నేళ్ల కాపురంలో నన్ను మెచ్చుకున్నది ఈ కొన్ని నెలలే. ఆ మెప్పును వదులుకోవడానికి కూడా మనసొప్పలేదు. అంత పేదదాన్ని నేను.

"ఉంది" అన్నాను. గిన్నెలు, బట్టలు, సూది అన్నీ చెప్పాను. చేతులు బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ నా వేళ్లను వెలుతురుకు తిప్పి చూసి, ఆయన వైపు తిరిగింది.

"మీరు చూడలేదా?"

"చూశామండీ. మంచిదేగా అనుకున్నాం."

"మెల్లగా తగ్గిద్దాం. బిగుతు, వణుకు కొంత తిరిగి రావచ్చు" అంది నాతో.

ఆయన ముందుకు వంగారు. నేను అక్కడ లేనట్టు గొంతు తగ్గించి అడిగారు: "తగ్గిస్తే మరి ఇంట్లో పనెలాగండీ?"

డాక్టరమ్మ కలం ఆగింది. ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను.

"తగ్గించండి డాక్టరు గారూ. మా ఇంట్లో వణకని చేతులు ఇంకా నాలుగున్నాయి."