సుతపతి వెళ్ళని భాగం

‘ఎర్ర ఈటె’ సీరియల్ నవల ఇరవై మూడో భాగం అద్దె పుస్తకాల కొట్టుకి వచ్చి వారం తిరక్కుండానే ఆ సందులో జనం రెండు జట్లయ్యారు. ఏ జట్టులోనూ చేరనిది సర్తినా ఒక్కతే.

కొట్టు పక్కనే చూరు కింద పీట వేసుకుని ఆమె పొద్దున్నే కొబ్బరిపాల అన్నం అమ్ముతుంది. బుట్ట ఖాళీ అయ్యాక చేతులు కడుక్కుని, కొట్టు యజమాని మర్సుదీ దగ్గర కొత్త భాగం తీసుకుని, చదువురాని ఆడవాళ్ళకి పైకి చదివి వినిపిస్తుంది. ఆమెకి అక్షరాలు బడిలో రాలేదు. కొడుకు సుయత్నో వెళ్ళిపోయాక, ఎప్పటికైనా వాడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే పరాయివాళ్ళ చేత చదివించుకోవాల్సి వస్తుందన్న బెంగతో, పొట్లాల పాతపేపర్ల మీదా సినిమా బొమ్మల కింద రాతల మీదా వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకుంది. ఉత్తరం రాలేదు. అక్షరాలు మిగిలాయి.

కథ మూడు వందల ఏళ్ళ కిందటిది. అందులో మాతరం సుల్తాను సైన్యం బటావియాలోని డచ్చివాళ్ళ కోట మీదికి బయల్దేరాలి. సుతపతి అనే పల్లెటూరి కుర్రాడు ఇరవై రెండు భాగాలుగా ఆ యుద్ధానికే తయారవుతున్నాడు. ఇరవై మూడో భాగంలో, బయల్దేరే రోజు, తల్లి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు ఒక గుక్క తాగి వెళ్దామని మట్టికుండతో వచ్చి ఆమె ముందు కూచున్నాడు. తల్లి కాళ్ళు వెనక్కి లాక్కుంది. సుతపతి చాలాసేపు అలాగే కూచుని, లేచి, ఈటెను చూరులో దోపేశాడు. సైన్యం అతను లేకుండానే వెళ్ళిపోయింది.

“ఇరవై రెండు భాగాలు ఈటెకి నూనె రాశాడు,” అన్నాడు రిక్షా తొక్కే వగిమిన్, అన్నం ఆకు అరచేతిలో పట్టుకుని. “ఇప్పుడేమో వాళ్ళమ్మకి కట్టెలు కొడుతున్నాడు. వచ్చే భాగంలో కూర్చుని కారం నూరతాడు చూడండి.”

“నూరితే నీ సొమ్మేం పోయింది?” అంది కూరగాయలమ్మే పైనా అనే ఆవిడ. “నీ పెళ్ళానికి ఒక్కపూటైనా నూరి పెట్టావా నువ్వు?”

“నేను యుద్ధానికి పోతానని ఊరంతా చెప్పుకు తిరగలేదుగా పిన్నీ.”

“పోకపోవడమే మగతనం. తల్లి వద్దంది, ఆగాడు. ఇన్నేళ్ళకి ఒక పుస్తకంలో ఒక మగాడు తల్లి మాట విన్నాడు. నేనైతే రెండుసార్లు చదివించుకున్నాను.”

మర్సుదీ లోపల రబ్బరుతో ఏదో చెరుపుతున్నాడు. నచ్చని భాగం వస్తే తిరిగి ఇచ్చేముందు వెనక అట్ట మీద పెన్సిలుతో తిట్లు రాయడం ఆ చుట్టుపక్కల పాఠకులకి అలవాటు. “ఇదిగో, ‘ఈ రచయితకి సరోంగు లుంగీ కాదు, గౌను కుట్టించండి’ అట. దీని కిందే ఇంకెవరో ‘నీకు అమ్మ లేదా’ అని రాశారు. నా కొట్టు అట్టలు పంచాయతీ అరుగులయ్యాయి,” అని గొణిగాడు.

సర్తినా తలెత్తలేదు. ఇంకో ఆకు పరిచి అన్నం వడ్డించింది. ఆ రచయిత పేరు ప్రవోతో. రైలు ఆఫీసు గుమాస్తా. వెనక సందులోనే ఉంటాడు. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఆమె దగ్గరే అన్నం తినేవాడు. ఈ వారంగా ఇటు వైపు రావడమే మానేశాడు. వగిమిన్ లాంటివాళ్ళు నోటికొచ్చినట్టు అంటుంటే ఎలా వస్తాడు.

అనాల్సింది అతన్ని కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ భాగం ఇంకా రాయకముందు, వానలు మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున ప్రవోతో అన్నం కలుపుతూ అడిగాడు. “అవ్వా, కుర్రాళ్ళు యుద్ధానికి వెళ్ళేటప్పుడు తల్లులు ఏం చేసేవాళ్ళు?”

“కాళ్ళు కడిగిన నీళ్ళు ఇచ్చేవాళ్ళు. అది తాగితేగాని గడప దాటేవాళ్ళు కాదు.”

“తల్లి ఇవ్వనంటే?”

“ఇవ్వనంటే ఎక్కడికెళ్తాడు నాయనా. ఆగిపోతాడు.”

అతని చెయ్యి నోటి దగ్గరే ఆగింది. “నిజంగా ఆగిపోతాడా?”

“ఆగిపోతాడు,” అంది సర్తినా. అని ఊరుకోలేదు. “ఆ సుతపతిని పంపకు నాయనా. సుల్తానుకి సైన్యం తక్కువా? ఆ తల్లికి వాడొక్కడే,” అంటూ అడక్కుండానే అతని ఆకులో ఇంకో సగం గుడ్డు వేసింది.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక డచ్చివాళ్ళు రెండోసారి ఊరి మీదికి వచ్చిన ఏడు, సుయత్నో ఇలాగే కుండతో ఆమె ముందు కూచున్నాడు. ఆమె కాళ్ళు సరోంగులోకి ముడుచుకుంది. ఇవ్వకపోతే వెళ్ళడనుకుంది. వాడు కుండ కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా ఆమె మనసులో వాడు వెళ్ళకుండా ఆగిన పొద్దు ఒకటి తయారవుతూనే ఉంది. జరగని ఆ పొద్దుని ప్రవోతోకి వడ్డించేసింది.

జట్లు కొట్టుకున్నా ఆమె భరించేదే. కాని కర్సినెం రావడం మానేసింది.

కర్సినెం సమాధుల మీద చల్లే పూలు అమ్ముతుంది. పడుచుతనం నుంచీ పక్కింటి మనిషి. సర్తినా చదువుతుంటే అందరికంటే ముందు వచ్చి, తమలపాకు దవడన పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. ఆమె కొడుకు జుమాదీ కూడా ఆ ఏడే, సుయత్నోతో పాటే వెళ్ళాడు. ఆమెకి వాడి సమాధైనా దక్కింది. ఇరవై మూడో భాగం చదివిన రోజు కర్సినెం కళ్ళు తెరిచి, “ఆ ముక్క మళ్ళీ చదువు,” అంది. సర్తినా చదివింది: ‘తల్లి నీళ్ళివ్వని కొడుకు కాలు గడప దాటదు.’ మిగతా ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. కర్సినెం పూలబుట్ట ఎత్తుకుని, కథ పూర్తి కాకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

సర్తినా ఒక మధ్యాహ్నం అన్నం పొట్లం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. కర్సినెం చాప మీద కూచుని గులాబీల రేకులు విడదీస్తోంది.

“మోకాళ్ళ నొప్పులా?”

“మోకాళ్ళకేం, దుక్కల్లా ఉన్నాయి.”

“మరి రావడం లేదేం?”

కర్సినెం ఇంకో పువ్వు అందుకుంది. “ఆ తల్లి తెలివైంది సర్తినా. కాలు లాక్కుంది, కొడుకు దక్కాడు. నేనో? చేతులారా పీట వేసుకుని, కాలు చాపి మరీ ఇచ్చాను. మావాడు అరికాలు గిలిగింత పెడితే నవ్వాను కూడా. నవ్వుతూ పంపించాను. లాక్కుని ఉంటే సరిపోయేదేమో. వారం నుంచి ఇదే గోల, కంటి మీద కునుకు లేదు.”

సర్తినా ఆమె ఎదురుగా చాప అంచున కూచుంది. “ఆ మాట ప్రవోతోకి చెప్పింది నేనే. మా సుయత్నో…”

“నాకు తెలీదా? మీకూ మాకూ మధ్య వెదురు తడికేగా అడ్డం. నువ్వు కాళ్ళు ముడుచుకుని కూచోవడం చూశాను. సందు చివర మావాడు పిలుస్తుంటే నీవాడు కుండ దించి వెళ్ళడమూ చూశాను.”

“చూసి కూడా నిద్ర పట్టలేదంటావేంటే?”

“చూసింది ఒకప్పటి మాట. ఇది అచ్చు. నేను చదవలేను, కాదనలేను. నువ్వు చదివావు. నీ గొంతులో అది జరిగినట్టే ఉంది.” కర్సినెం మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. “నీవాడు ఆగాడా?”

“లేదు.”

“మరి కథలో వాడెలా ఆగాడు?”

సర్తినా లేచింది. పొట్లం చాప మీద పెట్టి వచ్చేసింది. ఒక్క వియోగం తప్పించానని మురిసిన మనిషి, ఇంకో తల్లి కడుపుకోతని మళ్ళీ కెలికి వచ్చింది. పైగా తన కోతకి మందు రాసుకోవడానికి.

ఆ సాయంత్రమే ప్రవోతో ఇంటికి వెళ్ళింది. అతను వసారాలో టైపు మిషను ముందు చొక్కా లేకుండా కూచుని ఉన్నాడు. ఆమెని చూసి గబగబా చొక్కా తగిలించుకున్నాడు.

“అవ్వా, మీ దగ్గరికి రావడం లేదని కోపమా? ఆ వగిమిన్ నోటికి జడిసి దారి మార్చాను.”

“సుతపతిని పంపించు నాయనా.”

అతను నవ్వబోయి ఆగాడు. “పంపొద్దన్నది మీరే.”

“అబద్ధం చెప్పాను. ఇవ్వకపోయినా ఆగరు.”

“ఇప్పుడెలా అవ్వా? సగం మంది తిడుతున్నారు, నిజమే. సగం మంది చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు. అచ్చువేసేవాడు ఇదే బాగుంది, పోట్లాడుకుంటూ కొంటున్నారు అంటున్నాడు. ఇప్పుడు పంపిస్తే ఇటు దణ్ణాలు పోతాయి. అటు తిట్లూ ఆగవు, భయపడి మార్చాడంటారు.”

“అననీ. నన్ను తిట్టమను. నేనే రాయించానని నేనే చెబుతాను.”

“ఎవరు నమ్ముతారు? అన్నం అమ్మే అవ్వ చెబితే రాశాడంటే ఇంకా నవ్వుతారు.” అతను కాసేపు టైపు మిషను మీద దుమ్ము తుడిచాడు. ఆమె కదల్లేదు. చివరికి మెల్లగా అడిగాడు. “వెళ్ళాడే అనుకుందాం. తల్లి నీళ్ళిస్తుందా?”

“ఇవ్వదు. ఇవ్వకుండానే వెళ్తాడు.”

“అలా వెళ్ళినవాణ్ణి తర్వాత ఏం చేయను? బతకనివ్వనా?”

“అది నాకు తెలీదు నాయనా. తెలిసినంత వరకే చెబుతున్నా.”

ప్రవోతో ఆమె వైపు చూశాడు. ఇంతకుముందు అడగాల్సింది ఇప్పుడు అడిగినట్టు అతని గొంతు తగ్గింది. “వాడు వెళ్ళాక ఆమె ఏం చేస్తుంది?”

“కూచుంటుంది.”

“అంతేనా?”

“అంతే.”

ఇరవై నాలుగో భాగం వచ్చేసరికి జట్లు తారుమారయ్యాయి. “అద్గదీ. ఈటె దిగింది చూరులోంచి,” అని వగిమిన్ రిక్షా గంట పదేపదే మోగించాడు. పైనా పుస్తకం ముట్టుకోనంది. “ఒకసారి ఆపినవాణ్ణి మళ్ళీ లాక్కుపోవడమేంటి? నోట్లో ముద్ద పెట్టి తీసుకున్నట్టు. ఆ ప్రవోతో నా దగ్గర వంకాయలకొస్తే పుచ్చులే ఏరి ఇస్తాను.” అని, చదవడం మొదలయ్యే వేళకి మళ్ళీ ఆమే ముందు వచ్చి కూచుంది.

సర్తినా పుస్తకం తెరిచేసరికి కర్సినెం సందు మలుపులో కనిపించింది. ఎవరినీ పలకరించకుండా వచ్చి తన చోట కూచుంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

సర్తినా వేలు పెట్టి చదువుతూ వెళ్ళింది. సైన్యం పోయిన దారి నుంచి పొగ కనిపిస్తోంది. సుతపతి ఈటె దించాడు. మళ్ళీ కుండతో వచ్చాడు. తల్లి కాలు ఇవ్వలేదు. అతను కుండ కింద పెట్టి, వంగి, ఆమె నీడకి దణ్ణం పెట్టి గడప దాటాడు. తల్లి కూచునే ఉంది.

పేజీ తిప్పింది సర్తినా. అక్కడ వేలు ఆగిపోయింది.

“ఏమైంది?” అంది పైనా.

తను చెప్పనిది ఉంది అక్కడ. తల్లి కూచుని, కూచుని, ఉన్నట్టుండి లేచింది. కుండలో తన పాదం ముంచింది. ఆ కుండ గుండెకు హత్తుకుని, జుట్టు ముడి ఊడిపోతున్నా చూసుకోకుండా, నీళ్ళు ఒలికిపోతుంటే అరచేత్తో కప్పుకుంటూ, కొడుకు పోయిన దారిన పరుగెత్తింది. అందుకోలేదు. ఏటి ఒడ్డున ఆ నీళ్ళని మట్టిలో పోసింది.

సర్తినా అంతా చదివింది. ఒక్క మాట కూడా దాటవేయలేదు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. పైనా ప్రవోతోని తిడుతూనే ఏడ్చింది.

కర్సినెం మాత్రం పొడి కళ్ళతో అడిగింది. “పరుగెత్తావా?”

పైనా అటూ ఇటూ చూసింది, ఎవరిని అడుగుతోందో తెలియక.

“లేదు,” అంది సర్తినా.

“ఏం?”

“వెనక్కి వస్తాడనుకున్నా. నీళ్ళు తాగలేదుగా. తాగడానికైనా వస్తాడని కుండ పక్కనే కూచున్నా.”

కర్సినెం బుట్టలోంచి తమలపాకు తీసి, సున్నం రాసి, మడిచి, తను వేసుకోకుండా సర్తినా మోకాలి మీద పెట్టింది.

“చివరి దాకా చదువు,” అంది. “మనిద్దరం జట్టు కట్టిన తల్లులం, ఆ సుతపతి ఏమయ్యాడో తెలియొద్దూ?”

సర్తినా పుస్తకం దగ్గరగా పెట్టుకుంది. ఇంకా నాలుగు పేజీలున్నాయి. కొడుకుని పంపిన తల్లి పక్కన కూచుని, తను పరుగెత్తని దారిన కథలో తల్లి పరుగెత్తడం చదివాక, మిగతాది ఏ గొంతుతో చదవాలో ఆమెకి తెలియలేదు. ఉన్న గొంతుతోనే మొదలుపెట్టింది.